దావ మూయొద్దు, గొడ్డలి ఎత్తొద్దు!

కమలాపురం అన్నలారా, అక్కలారా, చిన్నాయనలారా, పెద్దమ్మలారా!

ఎండ ముదురుతోంది. ఇంకొన్నాళ్లకు సాయంత్రం పూట పడమట మబ్బు నల్లగా లేస్తుంది. ముందు దుమ్ము, దాని వెనక గాలి, ఆ వెనక నాలుగు చినుకులు. ఆ పావుగంట గాలికి ఏ ఇంటి మీద ఏ మండ పడుతుందో, ఏ వీధిలో ఏ తీగ తెగుతుందో చెప్పలేం. పడిన తర్వాత ఏం జరుగుతుందో మాత్రం చెప్పగలం, ఏటా జరిగేది అదే కాబట్టి. చెట్టుగలాయన, ఇల్లుగలాయన వీధిలో నిలబడి అరుచుకుంటారు. మరునాడు గొడ్డలి వస్తుంది. ఆ మరునాడు సందులో రాళ్లు పడతాయి. కొమ్మ కాడ మొదలైంది దావ మూసేదాకా పోతుంది. దావ మూసినాక స్టేషను, ఆ తర్వాత కోర్టు. పిల్లోళ్లు పెద్దయ్యేదాకా రెండిళ్ల మధ్య మాటలుండవు.

గాలివాన రాకముందే ఈ కాగితం మీ చేతిలో పడాలని అచ్చేయించాం. చదివి పక్కింటికి ఇవ్వండి. పక్కింటితో మాటలు లేకుంటే ముందు వాళ్లకే ఇవ్వండి.

మా ఇంటి సంగతి

ఇది రాస్తున్న నేను ఊరికి నీతి చెప్పడానికి రాలేదు. తప్పు మా ఇంట్లోనే మొదలైంది.

మా పెరట్లో వేపచెట్టు ఉంది, మా తాత నాటింది. దాని పడమటి మండ గోడ దాటి పక్కింటి రేకుల మీదికి పోయింది. పక్కింటి చిన్నాయన రెండేండ్లు అడిగినాడు. “అన్నా, ఆ మండ కొట్టించు. గాలి లేస్తే రేకులను బాదుతోంది, రాత్రి నిద్దర పట్టడం లేదు.” మా నాయన జవాబు ఒకటే. “చెట్టు మాది, నీడ నీది. ఇంకేం కావాలి?” ఆ మాటకు ఇంట్లో అందరం నవ్వేవాళ్లం.

ఒక మే నెల సాయంత్రం ఆ మండ విరిగింది. రేకులు పగిలినాయి. కింద మంచంలో పడుకొని ఉన్న వాళ్లమ్మ కాలు విరిగింది. ప్రాణం దక్కింది గాని ఆమె మళ్లీ చేతికర్ర లేకుండా నడవలేదు. దేవుడు కొట్టిన గాలికి మేమేం చేస్తామన్నాడు మా నాయన. వారం తిరక్కముందే రెండిళ్ల మధ్య సందులో కడప బండలు నిలువుగా పాతేసినారు. ఆ సందు వాళ్ల జాగా అంట. నలభై ఏండ్లుగా మా ఎనుములు, మా బండి, మా పెండ్లిండ్లు అన్నీ ఆ సందులోనే నడిచినాయి.

కేసు వేసినాం. ఏడేండ్లు వాయిదాలకు తిరిగినాం. ఆ మధ్యలో మా జేజి పోయింది. బండలు పాతినాక ఆ సందులో మనిషి పక్కకు తిరిగి పోయేంత దావే మిగిలింది, పాడె పట్టలేదు. నలుగురం పాడెను గోడ మీదుగా ఎత్తి అవతలివాళ్లకు అందించినాం. పక్కింటి చిన్నాయన గునపం పట్టుకొని బండ పెరకడానికి తనకు తానే వచ్చినాడు. మా నాయన అడ్డం పోయి “తాకొద్దు” అన్నాడు. చెట్టూ మాదే, పంతమూ మాదే. ఆ రోజు జేజి మీదకన్నా పంతం మీదే మా చూపున్నదని తల్చుకుంటే ఈ పొద్దుకూ గొంతు పట్టేస్తుంది.

చివరికి లోక్ అదాలత్‌లో ఒక్క మధ్యాహ్నంలో తేలిపోయింది. మండ మేం కొట్టించాలి, బండలు వాళ్లు తీయాలి. ఏడేండ్ల ముందు పక్కింటి చిన్నాయన అడిగింది ఆ ఒక్క మండే.

మండ ఎవరిది, గోడ ఎవరిది

చెట్టు మొదలు ఎవరి జాగాలో ఉంటే చెట్టు వాళ్లది. కాని పక్కవాళ్ల జాగా మీదికి వాలిన కొమ్మకు అక్కడ ఉండే హక్కు పుట్టదు, ఎన్నేండ్లు వాలి ఉన్నా సరే. 1894లో ఇంగ్లండు ప్రభువుల సభ లెమ్మన్, వెబ్ అనే ఇద్దరు ఇరుగుపొరుగు భూస్వాముల కేసులో ఈ మాటే తేల్చింది. తన జాగా మీదికి వచ్చిన కొమ్మను తన జాగాలో నిలబడి, హద్దు వరకు కొట్టుకోవచ్చంది. మన దేశపు కోర్టులు కూడా ఆ తీర్పును ఉటంకిస్తూనే వచ్చాయి. అయితే దాని హద్దులు దానికున్నాయి. అవతలి జాగాలోకి కాలు పెట్టకూడదు. హద్దు దాటి ఒక్క రెమ్మ కూడా కొట్టకూడదు. కొట్టిన కట్టె, దాని మీది కాయ చెట్టుగలవాళ్లవే, వాళ్లకు అప్పజెప్పాలి. చింతమండ కొట్టి చింతకాయ ఇంట్లో పెట్టుకుంటే న్యాయం మీ పక్కనుంచి తప్పుకుంటుంది. మొదట్లో యాసిడ్ పోయడం, చుట్టూ బెరడు ఒలిచి చెట్టును ఎండబెట్టడం అంటే పక్కవాళ్ల ఆస్తిని చంపడమే. అలాంటి పనికి దిగినవాళ్ల పక్కన ఈ కరపత్రం నిలబడదు.

చెట్టును మొదలుతో నరకాలంటే సొంత పెరట్లోదైనా 2002 నాటి వాల్టా చట్టం కింద ముందే అనుమతి తీసుకోవాలి. కమలాపురం ఎండ గురించి మీకు చెప్పాల్సింది లేదు. వేప, కానుగ నీడ లేకుంటే మే నెలలో మధ్యాహ్నం వీధిలో కుక్క కూడా నిలబడదు. మన తగాదా మండతో, చెట్టుతో కాదు.

మండ కొట్టేదీ ఒక పనితనమే. చాలామంది కింది నుంచి చూసి, అందినకాడికి నరికి చెట్టును మోడు చేస్తారు. మోడైన చోట పదీ ఇరవై చిగుళ్లు ఒక్కసారిగా వస్తాయి. అవి చూడటానికి ఏపుగా ఉన్నా పుట్టిన చోట పట్టు ఉండదు. మూడు నాలుగేండ్లకు బరువెక్కి, గాలికి మొట్టమొదట విరిగేవి అవే. కొమ్మను అది పుట్టిన కణుపు దగ్గర, ఉబ్బెత్తుగా ఉండే చోటు పోకుండా కోయాలి. పెద్ద మండైతే ముందు కింది నుంచి కొంచెం కోసి, తర్వాత పైనుంచి కోయాలి. లేకుంటే బరువుకు విరిగి బెరడు మొదలుదాకా చీలిపోతుంది, ఆ చీలికలో పుచ్చు పడుతుంది. చెట్లెక్కే అలవాటున్న పనివాణ్ని పిలిపించి, నడుముకు తాడు కట్టించి చేయించండి. కూలి ఇద్దరూ చెరిసగం పెట్టుకోండి. చెట్టు మీదే అయినా సగం పెట్టండి, నీడ మీదే అయినా సగం పెట్టండి.

కరెంటు తీగల కింద

తీగకు తగిలే మండను మీరు ముట్టొద్దు. పచ్చి కొమ్మలో, తడి కట్టెలో కరెంటు పారుతుంది. 1912కు ఫోన్ చేయండి, సచివాలయంలో ఎనర్జీ అసిస్టెంటుకు కాగితం ఇవ్వండి. లైను ఆపి కొట్టించడం వాళ్ల పని.

ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్ ప్రకారం లైనుకు అడ్డమొచ్చే చెట్టును తీయించాలంటే కరెంటు సంస్థ ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకో, ప్రభుత్వం చెప్పిన అధికారికో దరఖాస్తు పెట్టుకోవాలి. లైను వేయకముందే ఆ చెట్టు అక్కడ ఉంటే చెట్టుగలవాళ్లకు తగిన నష్టపరిహారం నిర్ణయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. మీ కొబ్బరిచెట్టు ముందా, స్తంభం ముందా? ఇంట్లో పెద్దోళ్లను అడిగి రాసిపెట్టుకోండి. పాత పెండ్లి ఫొటోలో చెట్టు కనబడినా పనికొస్తుంది.

ఇక కొత్తగా నాటేవాళ్లు తీగల కింద వేప, రావి, బాదం నాటొద్దు. దానిమ్మ, జామ, కరివేపాకు, గన్నేరు నాటుకోండి. గోడ పగుల్లో మొలిచిన రావిమొక్కను వేలెడంత ఉన్నప్పుడే పెరికేయండి.

దావ లేకుంటే ఇల్లు లేదు

2021 నవంబరు వరదకు పాపాఘ్ని మీద వంతెన కూలిన సంగతి మనలో ఎవరికి గుర్తులేదు? కడపకు పోవాలంటే ఊరు ఊరంతా చుట్టు తిరిగింది. ఆసుపత్రికి పోవాల్సినోళ్లు, కాలేజీ పిల్లోళ్లు, కూరగాయల బండ్లు అన్నీ ఆగినాయి. ఊరికి ఆ వంతెన ఎంతో, సందు చివరి ఇంటికి ఆ పది అడుగుల దావ అంతే. వంతెన కూల్చింది వరద. సందు మూసేది మన చేతులే.

పది అడుగుల వెడల్పు, నూరు అడుగుల పొడవు దావ అంటే లెక్కకు 2.3 సెంట్లు. ఆ రెండు సెంట్ల కోసం అన్నదమ్ములు మాట మానేస్తున్నారు. ఇందులో ఎక్కువ తగాదాలు పంపకం కాడే పుడుతున్నాయి. నాయన నలుగురు కొడుకులకు ఇల్లు, పొలం పంచుతాడు. రోడ్డు వైపు భాగం పెద్దోనికి, లోపలి భాగం చిన్నోనికి. కాగితంలో తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాస్తారు. లోపలి భాగానికి దావ ఏదో మాత్రం రాయరు. అన్నదమ్ములు గదా, దావ ఎక్కడికి పోతుందిలే అనుకుంటారు. అన్న పోయినాక అన్న కొడుకు వస్తాడు. ఆయన ముందు ఆ మాట ఎవరూ అనుకోలేదు.

దీనికి చట్టం ఉంది, కొత్తది కూడా కాదు. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ఆ ఏడాది జూలై 1 నుంచే మద్రాసు రాజధానిలో, అంటే మన కడప జిల్లాలోనూ అమల్లోకి వచ్చింది. ఒకే ఆస్తిని పంచినప్పుడో, అందులో కొంత అమ్మినప్పుడో లోపలి భాగానికి వేరే దావే లేకుంటే, ముందు భాగంలోంచి దావ ఇవ్వాల్సిందేనని 13వ సెక్షన్ చెబుతోంది. కాగితంలో రాయకపోయినా ఆ హక్కు ఉంటుంది. అయితే ఆ అవసరం తీరిననాడు, అంటే వేరే దావ దొరికిననాడు, ఆ హక్కూ పోతుంది.

రెండో రకం హక్కు వాడకంతో వచ్చేది. పక్కవాళ్ల జాగాలోంచి 20 ఏండ్లు బహిరంగంగా, గొడవ లేకుండా, ఆగకుండా, హక్కుగా నడిస్తే ఆ దావ మీద 15వ సెక్షన్ కింద హక్కు వస్తుంది. ప్రభుత్వ భూమి మీదైతే 30 ఏండ్లు. “హక్కుగా” అన్న మాట చూసుకోండి. అన్నా, కొంచెం పోనీ అని అడిగి, దయతో పోతుంటే అది హక్కు కాదు.

ఇందులో అందరికీ తెలియాల్సింది గడువుల సంగతి. మా ఇంట్లో ఎవరికీ తెలియకనే నష్టపోయినాం. దావ మూసిన తర్వాత ఏడాది పాటు నోరు మూసుకుంటే మీరు ఒప్పుకున్నట్టు అవుతుంది. 20 ఏండ్ల వాడకం లెక్క కేసు వేసే రోజుకు ముందు రెండేండ్లలోపు ముగిసి ఉండాలి. నాలుగేండ్లు చూసి, పండగలన్నీ అయినాక కేసు వేద్దాం అంటే కుదరదు. దావ మీద గొడవ కొట్లాటదాకా పోయేట్టుంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 166వ సెక్షన్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు విచారణ చేస్తారు. కాని ఏడాది పొడవునా నడిచే దావైతే, విచారణకు ముందు మూడు నెలల్లో దాన్ని మీరు వాడి ఉండాలి. అందుకే దావ మూసిన రోజే ఫొటో తీయండి, తేదీ రాయండి, ఆ వారంలోనే అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి.

అడ్డు పెట్టిన బండను మీరే పీకేస్తే? ఆ పని చేయకూడదని అదే 1882 చట్టం 36వ సెక్షన్ తేటగా చెబుతోంది. హక్కు మీదే అయినా అడ్డును మీ చేత్తో తీయడానికి లేదు. గునపం ఎత్తిన రోజు ఫిర్యాదుదారుగా పోవాల్సినోళ్లు ముద్దాయిగా పోతారు. మన సీమలో గెనెం కాడ మొదలైనవి ఎంతదూరం పోయినాయో మన పెద్దోళ్లను అడగండి. కొందరి ఇండ్లలో చెప్పడానికి మగోళ్లే మిగల్లేదు.

స్టేషనుకు పోతే “ఇది సివిల్ మ్యాటరు” అంటున్నారని చాలామంది బాధపడుతున్నారు. ఆ మాటకు ఒక కారణం ఉంది. భారతీయ న్యాయ సంహిత 126వ సెక్షన్‌లో మనిషిని అడ్డగించడం నేరమే. కాని ప్రైవేటు దావను, తనకు మూసే హక్కు ఉందని నిజాయతీగా నమ్మి మూస్తే ఆ సెక్షన్ కింద నేరం కాదని అందులోనే మినహాయింపు ఉంది. ప్రైవేటు దావైతే అర్జీ తహసీల్దారుకు, కేసు సివిల్ కోర్టుకు. పంచాయతీదో, నగర పంచాయతీదో అయిన రస్తాను మూస్తే సంగతి వేరు. అది పదిమంది సొత్తు. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ కింద ఆ అడ్డు తీయించే అధికారం మేజిస్ట్రేటుకు ఉంది. పడిపోయేలా ఉండి జనానికి ప్రమాదమైన చెట్టును తీయించే అధికారమూ అదే సెక్షన్‌లో ఉంది.

అధికారులను అడుగుతున్నాం

బతిమాలడం లేదు, హక్కుగా అడుగుతున్నాం.

ఇండ్ల మధ్య జాగా చాలా చోట్ల గ్రామకంఠం. పొలానికి ఉన్నట్టు అక్కడ ఇంటింటికి సర్వే నంబరు లేదు. అందుకే సందు ఎన్ని అడుగులో ఏ పటంలోనూ దొరకదు. ముసలోళ్ల జ్ఞాపకమే మాకు రికార్డు, ఏడాదికి కొందరు చొప్పున ఆ రికార్డూ పోతోంది. కమలాపురం ఇప్పుడు నగర పంచాయతీ. ప్రతి సందునూ కొలిచి, వెడల్పు రాసి, రెండు కొసల్లో రాయి పాతమని అడుగుతున్నాం. ఆ కొలత కాగితం వార్డు సచివాలయం గోడకు అంటించాలి.

పొలాల సంగతికొస్తే, 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే జరిగిన ఊళ్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. మీ బండిబాట, మీ డొంక, మీ రస్తా ఆ కొత్త పటంలో ఉన్నాయా? ఎంతమంది చూసుకున్నారు? పాసుపుస్తకంలో సెంట్లు తగ్గితే అందరం పరుగెత్తుతాం, దావ గీత పోతే ఎవరమూ చూడం. పాత ఎఫ్‌ఎంబీ (పొలం కొలతల పటం) నకలు తీసుకొని కొత్త పటం పక్కన పెట్టి చూడండి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం ప్రకారం సర్వే ముగిసినట్టు నోటిఫికేషను వచ్చిన మూడేండ్లలోపే సివిల్ కోర్టుకు పోవచ్చు. ఆ గడువు దాటితే తప్పు గీతే ఒప్పు గీత అవుతుంది. తహసీల్దారుగారూ, రీసర్వే అయిన ప్రతి ఊర్లో రస్తాల పటాన్ని ఒక్కదాన్నే విడిగా రచ్చబండ దగ్గర పెట్టించండి, జనం చూసి చెబుతారు.

హద్దు రాళ్ల కోసం ఎఫ్‌-లైన్ అర్జీ పెట్టినవాళ్లకు సర్వేయరు ఏ తేదీన వస్తారో కాగితం మీద చెప్పండి. రెండు పక్షాలకు నోటీసు ఇచ్చి, ఇద్దరి ముందే కొలవండి. ఒకరి మొబైలుకు ఫోన్ చేసి, ఒకరి ఇంట్లో కాఫీ తాగి కొలిచిన గీతను రెండోవాళ్లు నమ్మరు. నమ్మకపోవడం వాళ్ల తప్పూ కాదు. అర్జీకి జవాబు రాకుంటే సమాచార హక్కు చట్టం కింద మా అర్జీ ఏమైందని రాసి అడుగుతాం, 30 రోజుల్లో చెప్పాల్సిందే.

గాలివానల ముందే, వీధుల మీదికి ఒరిగిన ఎండుమండలను, బడుల దగ్గరివి, బస్టాండు దగ్గరివి, ఉరుసుకు జనం నడిచే దారుల్లోవి, తీయించండి. తీయించండి అంటే చెట్లను మోడు చేయమని కాదు. రోడ్డు వెడల్పు పేరుతో చెట్టు మీద పడటం ఒక్కటే దారి కాదని చేవెళ్ల చూపించింది. హైదరాబాదు–బీజాపూర్ రోడ్డు వెడల్పు కోసం తొమ్మిది వందలకు పైగా పాత మర్రులకు గండం వచ్చింది. చెట్లను ప్రేమించేవాళ్లు 2021లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు పోయారు. ఏండ్ల తరబడి వాదం నడిచినాక చాలా మర్రులు ఉన్నచోటే నిలిచేట్టు రోడ్డు నమూనాను మార్చారు. రోడ్డూ కావాలి, చెట్టూ కావాలి అని పట్టుబట్టినవాళ్లకు రెండూ దక్కే దావ దొరికింది. అంత పెద్ద రోడ్డుకే వీలైంది, మన సందుకు వీలు కాదా?

ఈ ఆదివారం ఏం చేయాలి

పొద్దున ఏడుకు, ఎండ ఎక్కకముందే, మీ సందు మొదట్లో నిలబడండి. యాభై అడుగుల టేపు, ఒక నోటుపుస్తకం, ఫోను చాలు. సందు ఈ కొస నుంచి ఆ కొసదాకా అందరూ కలిసి నడవండి. మూడు చోట్ల వెడల్పు కొలిచి రాయండి. తల పైకెత్తి చూడండి. ఎవరి చెట్టు మండ ఎవరి ఇంటి మీద ఉంది, ఏది ఎండింది, ఏది తీగకు దగ్గరగా ఉంది. అన్నీ రాసి, వీధి మొత్తం సంతకం పెట్టండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయండి. ఆడోళ్లు తప్పకుండా రావాలి. సందులో నీళ్ల బిందె మోసేదీ, పిల్లోళ్లను బడికి పంపేదీ, మండ ఏ రాత్రి రేకులను కొడుతుందో వినేదీ వాళ్లే. మగోళ్ల పంతం వాళ్ల ముందు కొంచెం తగ్గుతుంది కూడా.

పంచుకోబోయే అన్నదమ్ములకు ఇంకో మాట. హద్దులు రాసేటప్పుడు “దావ ఇంత వెడల్పు, ఇక్కడి నుంచి ఇక్కడికి, నలుగురికీ ఉమ్మడి” అని ఒక్క వాక్యం ఎక్కువ రాయించి రిజిస్టరు చేయించుకోండి.

మాటతో తేలనిది ఉంటే కోర్టుకు ముందే లోక్ అదాలత్‌కు పోండి. 1987 నాటి న్యాయ సేవల చట్టం కింద నడిచేది అది. కోర్టు ఫీజు లేదు. అక్కడ ఇద్దరూ ఒప్పుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. ఆడోళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు లాయరును ఉచితంగా ఇస్తారు. 15100కు ఫోన్ చేస్తే దావ చెబుతారు. మేం ఏడేండ్లు తిరిగినాక తెలుసుకున్న నంబరు అది, మీరు ఈ రోజే గోడ మీద రాసుకోండి.

పక్కింటివాళ్లను పిలవడానికి మొహమాటంగా ఉంటే పిల్లోళ్లను పంపండి. వాళ్లకు మన తగాదా తెలియదు, ఆ ఇంటి వాకిట్లోనే ఆడుకుంటుంటారు. మా సందు మొదట్లో పక్కింటి చిన్నాయన, నేను ఏడుకంతా టేపు పట్టుకొని నిలబడి ఉంటాం. చెరొక కొస.

— మీ పక్క సందువాడు, కమలాపురం